మధురపూడిలో ఎందుకు దిగామంటే

పెళ్ళయిన పదమూడేళ్ళలో చుట్టాల ఇల్లు లేని ఊరికి నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. తిరుపతి వెళ్తే మావారి చిన్నాన్నగారి ఇల్లు. విజయవాడ వెళ్తే మా మేనమామ ఇల్లు. ఆఖరికి అరకు వెళ్తే అక్కడా మావారికి వరసకి బావమరిది అయ్యే ఆయన ఒకడు దొరికాడు. ఎక్కడికి వెళ్ళినా మొదటి పూట ముందుగదిలో ఫ్యాను కింద కూర్చోబెడతారు. రెండో పూటకల్లా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ ఉంటాను. హైదరాబాదులో ఆఫీసుకి వెళ్ళేముందు తరిగేవి చాలనట్టు, సెలవు పెట్టి, ప్రయాణం చేసి మరీ తరగాలి. దీన్నే మావాళ్ళు నాలుగు రోజులు సరదాగా తిరిగి రావడం అంటారు.

విమానం టికెట్లు మాలాంటి వాళ్ళకి కూడా అందుబాటులోకి వచ్చిన కొత్త రోజులవి. రెండువేల ఏడో ఎనిమిదో. ఆ ఫిబ్రవరిలో నేను పట్టుపట్టాను. మూడు రోజులు సముద్రం దగ్గర ఉండాలి. హోటల్లో ఉండాలి. ఎవరింటికీ వెళ్ళకూడదు. ఎవరూ మా దగ్గరికి రాకూడదు. పొద్దున్న లేచి అమ్మాయీ నేనూ నీళ్ళలోకి దిగాలి, ఆకలేసినప్పుడు బయటికి రావాలి. అంతే. ఇంతకంటే ఏమీ అడగలేదు.

అమ్మాయికి అప్పుడు పదకొండేళ్ళు. సముద్రాన్ని టీవీలో తప్ప చూడలేదు. నాది నరసాపురం, సముద్రం పక్కనే ఉన్నట్టు లెక్క. అయినా పెళ్ళికి ముందు నేను సముద్రాన్ని చూసింది మూడే మూడుసార్లు. రెండుసార్లు అంతర్వేది తీర్థానికి, మా అమ్మ నా మణికట్టు కమిలిపోయేలా పట్టుకుని ఉండగా. ఒకసారి తాతయ్య అస్థికలు కలపడానికి వెళ్ళినవాళ్ళతో. ఊరికే సముద్రానికి వెళ్ళడం అనేది మా వైపు లేదు. పుణ్యమన్నా ఉండాలి, చావన్నా ఉండాలి. నా కూతురికైనా ఊరికే వెళ్ళే సముద్రం ఒకటి ఉండాలని నాకు పంతం.

మావారు ఒప్పుకున్నారు. ఒప్పుకోవడంలో ఆయన్ని మించినవాడు లేడు. చిక్కంతా ఎక్కడ దిగాలన్న దగ్గర వచ్చింది. డైనింగ్ టేబుల్ మీద రోడ్డు మ్యాపు పరుచుకుని ఒక ఆదివారమంతా కొట్టుకున్నాం.

నేను విశాఖపట్నం అన్నాను. విమానం దిగి ఆటో ఎక్కితే సముద్రం. ఆ ఊళ్ళో మాకెవ్వరూ లేరు. నా కంటికి అదే ఆ ఊరి అందం.

"గోదావరి జిల్లాలవాళ్ళం అయ్యుండి సముద్రం చూడ్డానికి వైజాగ్ వెళ్ళావంటే నవ్వుతారే. మనకి లేదా ఏంటి సముద్రం?" అన్నారాయన. సముద్రాన్ని కూడా సర్వే చేసి జిల్లాకింత అని హద్దురాళ్ళు పాతినట్టు.

గన్నవరంలో దిగితే భీమవరం మీదుగా పేరుపాలెం బీచికి వెళ్ళొచ్చు. కానీ భీమవరంలో మా బావగారున్నారు. ఆయన ఇంట్లోంచి ఒక్క పూటలో బయటపడిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆ తర్వాత నరసాపురం, మా పుట్టిల్లు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, మావాళ్ళు ఆయనకేమీ తీసిపోరు. గన్నవరాన్ని నేనే కొట్టేశాను.

ఇక మిగిలింది రాజమండ్రి. మధురపూడి ఎయిర్‌పోర్టులో దిగితే రెండు గంటల్లో కాకినాడ, అక్కణ్ణించి ఉప్పాడ ఎంతసేపు! కాకినాడలో హోటలు, రోజూ పొద్దున్నే ఉప్పాడ తీరం. దారం పెట్టి మ్యాపు మీద కొలిచాను కూడా. బాగానే ఉంది.

"మరి మీ అక్కగారో?" అన్నాను. మావారి పెద్దక్క రాజమండ్రిలోనే ఉంటుంది. తల్లి తర్వాత తల్లిలా ఆయన్ని పెంచిన మనిషి.

"చెప్పకుండా వెళ్ళిపోదాం. ఎయిర్‌పోర్టు ఊరి బయటెక్కడో ఉంటుంది. టౌన్లోకే వెళ్ళం. వచ్చేశాక ఎప్పుడో చెప్పొచ్చులే" అన్నారు.

నమ్మాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. కిలోమీటర్లు చూసి మధురపూడికి సరే అన్నాను. మా జిల్లాల్లో దూరం చూడాల్సింది కిలోమీటర్లలో కాదు, దారిలో ఎన్ని ఇళ్ళలో మనకి విస్తరి వేస్తారన్న దాంట్లో. అక్కడే పుట్టి పెరిగిన దాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి?

ఆయన బయల్దేరే ముందురోజు దాకా నోరు కట్టుకున్నారు. ఆ సాయంత్రం ఆయన వల్ల కాలేదు. అక్క ఉన్న ఊళ్ళో దిగుతూ అక్కకి చెప్పకపోతే అన్నం ఎలా సహిస్తుందని ఫోను అందుకున్నారు. నేను బట్టలు సర్దుతూ పక్కగదిలోంచి విన్నాను.

"అక్కా, రేపు మీ ఊళ్ళోనే దిగుతున్నాం. కానీ మీ ఇంటికి రావట్లేదు. నేరుగా కాకినాడ వెళ్ళిపోతాం. నువ్వేం హడావుడి పెట్టుకోకు."

మా వైపు "హడావుడి పెట్టుకోకు" అంటే పొయ్యి వెలిగించమని. మా వైపు "వద్దండి" అన్న మాటకి పూచికపుల్లపాటి విలువ లేదు. మొదటి వద్దు మర్యాద. రెండో వద్దు మొహమాటం. మూడో వద్దు పూర్తయ్యేలోపు విస్తట్లో కూర పడిపోతుంది. నాలుగోసారి వద్దన్నామా, ఇక జన్మలో మాటలుండవు. నిజంగా వద్దనుకునేవాడికి మా భాషలో చోటే లేకుండా చేశారు మా పెద్దలు. ఈ సంగతి మావారికి నాకంటే బాగా తెలుసు. తెలిసే ఫోను చేశారని ఆనాడూ అన్నాను, ఈనాడూ అంటాను.

గురువారం పొద్దున్న మధురపూడిలో దిగాం. చిన్న విమానాశ్రయం, దిగినవాళ్ళూ ఎదురొచ్చినవాళ్ళూ ఒకరి మొహం ఒకరికి కనబడేంత చిన్నది. తలుపు దాటగానే వదినగారు. పట్టుచీర కట్టుకుని, ఒక చేతిలో కాఫీ ఫ్లాస్కు, ఇంకో చేతిలో ఇడ్లీల క్యారేజీ. మా అమ్మాయిని చూడగానే ఆవిడ కళ్ళు తడయ్యాయి. ఆ తడి అబద్ధం కాదు, అందుకే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

కాకినాడ హోటలు ద్వారా కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు మా పేరు రాసిన అట్ట పట్టుకుని బయట ఉంటానన్నాడు. నేను అటూ ఇటూ వెతుకుతుంటే వదినగారు నా చెయ్యి పట్టుకుంది.

"ఆ కాకినాడ అబ్బాయి కోసమా అమ్మాయ్? కాఫీ పోసి, టిఫిను పెట్టి పంపించేశాను. మన కారుండగా పరాయి కారెందుకు?"

నేను మావారి మొహం చూశాను. ఆయన సూట్‌కేసు చక్రం వంక చూస్తున్నారు. పోయిన కారుతోనే సముద్రం కూడా పోయిందని నాకు ఆ నిమిషంలోనే తెలిసింది. అయినా చిరునవ్వు నవ్వాను. "ఎందుకండీ వదినగారూ మీకీ శ్రమ" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

"ఒక్క పూట భోంచేసి వెళ్దురుగాని. చల్లబడ్డాక మావాడే కాకినాడలో దింపేసి వస్తాడు" అంది కారెక్కాక. కారు నడిపే ఆయన అద్దంలోంచి మమ్మల్ని చూసి "ఆయ్, అలాగేనండి" అన్నాడు.

ఒక్క పూట భోజనంలో కోడికూర, రొయ్యల వేపుడు, గుత్తివంకాయ, పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, అన్నీ అయ్యాక పూతరేకులు. పూతరేకులు అమ్మాయికి ఇష్టమని ఎప్పుడో నాలుగేళ్ళ కిందట విన్నదట, గుర్తుపెట్టుకుని ఆత్రేయపురం మనిషిని పంపి తెప్పించింది. తిన్నాక నడుం వాల్చమంది. లేచేసరికి నాలుగున్నర. ఇక బయల్దేరతామంటే ఆవిడ నవ్వింది.

"చీకటిపడ్డాక సముద్రంలో ఏం కనబడుతుందమ్మా? రేపు చూద్దాం."

కాదనడానికి లేదు. చీకటిలో కనబడదు. ఆవిడ చెప్పే ప్రతి మాటా నిజమే అయి చచ్చేది. మావారు హోటలుకి ఫోను చేసి రేపు వస్తామని చెప్పారు.

రేపు శుక్రవారం. పొద్దున్న తయారై పెట్టెలు గుమ్మంలోకి తెచ్చుకున్నాను. వదినగారు పసుపు రాసిన గడప మీద ముగ్గు వేస్తోంది. పెట్టెలు చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"శుక్రవారం పూట ఇంటి ఆడపిల్లల్ని గడప దాటించి పంపుతామా అమ్మాయ్? లక్ష్మి వెళ్ళిపోయినట్టు కాదూ? ఇంతకాలానికి వచ్చారు, నా ఇంట్లోంచి శుక్రవారం వెళ్తానంటే నేను తట్టుకోలేను."

ఇది కూడా నిజమే. మా అమ్మా పంపదు. పెట్టెలు లోపలికి వెళ్ళాయి. పది గంటలకల్లా నేను వంటింట్లో పీట మీద కూర్చుని రొయ్యలు వలుస్తున్నాను. "నువ్వెందుకమ్మా, కూర్చో" అని ఆవిడ పదిసార్లు అంది. కానీ ఆవిడకి మోకాలు నొప్పి. గిన్నె కోసం వంగి లేచేటప్పుడు "అమ్మా" అని మూలుగుతుంది. ఆ మూలుగు వింటూ ఎవరు కూర్చోగలరు? వాకిట్లో అమ్మాయి కొత్తగా కొనిచ్చిన ఈత దుస్తులు సంచీలోంచి తీసి, మడతపెట్టి, మళ్ళీ సంచీలో పెట్టుకుంటోంది. నేను చూస్తుండగానే మూడుసార్లు చేసింది. రొయ్య తల తీస్తున్నానో ఎవరి తల తీస్తున్నానో నాకే తెలియలేదు.

మధ్యాహ్నం డాబా మీద బట్టలు ఆరేసే మిషతో మావారిని పైకి పిలిచాను.

"మీకు సిగ్గనిపించడం లేదా? రెండు రోజులు పోయాయి. పిల్లకి నేనేం చెప్పను?"

"గట్టిగా అరవకు, కింద వినబడుద్ది. అక్క ఎంత సంతోషంగా ఉందో చూశావా?"

"చూశాను. ఆవిడ సంతోషం చూడ్డానికి నేను సెలవు పెట్టలేదు."

"ఏం మాటలే అవి! రేపు పొద్దున్నే వెళ్ళిపోదాం. రేపంతా సముద్రంలోనే. ప్రామిస్."

"మీ అక్కతో ఆ మాట ఎవరు చెప్తారు?"

"నేను చెప్తాను."

"ఎప్పుడు?"

"చెప్తానన్నాను కదా!" ఆయనకీ కోపం వచ్చింది. వచ్చి, విసవిసా కిందికి వెళ్ళి, అక్క పక్కన కూర్చుని పకోడీలు తిన్నారు. నేను పిట్టగోడ దగ్గర నిలబడి తడి తువ్వాలుని దాని ప్రాణం పోయేదాకా పిండాను.

చెప్పారు. చెప్పకేం. రాత్రి భోజనాల దగ్గర "రేపు పొద్దున్నే కాకినాడ వెళ్దామనుకుంటున్నాం అక్కా" అన్నారు. ఆవిడ వెంటనే ఒప్పుకుంది. నాకు ఆశ్చర్యం వేసింది.

"అలాగే వెళ్దాం. అన్నవరం మీదుగా వెళ్దాం. నేనూ వస్తాను."

రాజమండ్రి నుంచి కాకినాడకి అన్నవరం మీదుగా వెళ్ళడమంటే ముక్కెక్కడుందంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమే. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ పెరుగు వడ్డిస్తూ నెమ్మదిగా అంది.

"నీకు తెలీదమ్మా. పిల్ల పుట్టిన మూడో రోజు ఒళ్ళు కాలిపోయి, డాక్టరు ఏ మాటా చెప్పలేనన్నప్పుడు నేను సత్యనారాయణస్వామికి మొక్కుకున్నాను. పిల్ల బతికితే కొండ మీద మీ ఇద్దరి చేతా వ్రతం చేయిస్తానని. పదకొండేళ్ళయింది. మీరు రారు, నేను అడగలేను. అప్పుడప్పుడూ కలలోకి వస్తుంది."

ఇక ఏం మాట్లాడమంటారు? నా బిడ్డ ప్రాణం కోసం మొక్కుకున్న మనిషి. అప్పుడు మూడు రోజులు ఆస్పత్రి వరండాలో కింద పడుకున్న మనిషి. ఆవిడ మీద కోప్పడితే నా కళ్ళు పోతాయి. కోప్పడకపోతే నా గుండె పగులుతుంది. మంచివాళ్ళ మీద కోపం వస్తే దాన్ని ఎక్కడ పారబోసుకోవాలో ఎవరూ చెప్పలేదు. పెరుగన్నం తిని లేచాను. మావారు మళ్ళీ హోటలుకి ఫోను చేశారు. ఇక గది అక్కర్లేదని చెప్పారు. శనివారం సముద్రం చూసుకుని రాత్రికి రాజమండ్రి వచ్చేస్తే ఆదివారం పొద్దున్న విమానానికి వీలుగా ఉంటుందట. ఎవరికి వీలో నేను అడగలేదు.

శనివారం వ్రతం చాలాసేపు పట్టింది. కొండ మీద జనం. పీటల మీద మేం, మా ముందు కలశం, వెనకాల వదినగారు కళ్ళు మూసుకుని. అయిదు కథలూ విన్నాం. ఆ కథల్లో స్వామికి ఇస్తానన్నది ఇవ్వని షావుకారుకి పడవలో సరుకంతా ఆకులూ అలములూ అయిపోయింది. నేను నా బిడ్డకి ఇస్తానన్నది ఇంకా ఇవ్వలేదు. దాని గురించి ఏ స్వామీ అడగడు కాబోలు. ప్రసాదం, భోజనం అయ్యి కొండ దిగేసరికి మూడు.

పిఠాపురం మీదుగా ఉప్పాడ. ఇక దారిలో ఏమీ లేదనుకున్నాను. కొత్తపల్లి దాటుతుండగా వదినగారు డ్రైవరు భుజం తట్టింది. "ఇక్కడ ఆపు నాయనా."

చీరల నేతగాళ్ళ ఇల్లు. ఆవిడకి తెలిసినవాళ్ళు. "మొదటిసారి వ్రతం చేసుకుని ఉప్పాడ దాకా వచ్చి మరదలికి చీర పెట్టకుండా ఎలా పంపుతాను?" అంది. గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం మీద ఒకాయన నేస్తున్నాడు. ఆయన భార్య చాప పరిచి చీర మీద చీర విప్పింది. వదినగారు ఒక్కొక్కటీ నా భుజం మీద వేసి చూసింది. నెమలికంఠం రంగు బాగుందా, ముదురు ఎరుపు బాగుందా? నేను ఏదైనా సరే అన్నాను. ఏదైనా సరే అంటే మొహమాటపడుతున్నానని ఇంకో పది తీయించింది. కిటికీలోంచి ఎండ పచ్చబడడం నాకు కనబడుతూనే ఉంది. అమ్మాయి గుమ్మంలో చెప్పుల పక్కన, ఒళ్ళో సంచీతో కూర్చుంది. సముద్రం హోరు అక్కడికి వినబడుతోందో, నాకు అలా అనిపించిందో తెలియదు. ఆ చీర నా పెట్టెలో ఇప్పటికీ ఉంది. ఎంత మంచి చీరో! ఒక్కసారి కూడా కట్టలేదు.

తీరానికి చేరేసరికి వెలుగు అరగంటకి మించి లేదు. ఉప్పాడలో సముద్రం ఊరిని తింటుంది. రోడ్డు సగం విరిగి కిందికి వేలాడుతోంది. దానికి అడ్డంగా బండరాళ్ళు పోశారు. ఒక ఇంటికి మూడు గోడలే ఉన్నాయి. రాళ్ళ మధ్య ఒకచోట సందు ఉంది, అక్కడ ఇసుక, పక్కన లాగిపెట్టిన పడవలు. జాలరి పిల్లలు అయిదారుగురు ఆ సందులోంచే అలల్లోకి దూకి, కేకలు పెడుతూ ఒడ్డుకి కొట్టుకొస్తున్నారు.

మావారు కారు పక్కనే నిలబడి భీమవరం అన్నయ్యకి ఫోనులో వ్రతం బాగా జరిగిందని చెబుతున్నారు. మా అమ్మాయి బూట్లు విప్పేసింది. బట్టలు మార్చుకునే టైము లేదని దానికి తెలుసు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని ఇసుకలోకి దిగింది. అల ఒకటి దాని పాదాలకి జానెడు దూరం దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది.

"ఆగు తల్లీ!" వెనక నుంచి వదినగారు. "ఇవాళ పున్నమీ కాదు, అమావాస్యా కాదు. పర్వం లేని రోజు సముద్రాన్ని ముట్టుకోకూడదమ్మా. అందులోనూ వ్రతం చేసుకుని వస్తున్నాం. దూరం నుంచి చూసి దణ్ణం పెట్టుకో."

నీళ్ళలో ఉన్న ఆ అయిదారుగురికి ఏ పర్వమో!

అమ్మాయి ఆగింది. అత్త వంక చూడలేదు, తండ్రి వంక చూడలేదు. వెనక్కి తిరిగి నా వంక చూసింది. మూడు రోజులుగా నేను లోపల్లోపల ఎవరెవరితో ఎలా పోట్లాడుతున్నానో అదొక్కతే కనిపెట్టింది. ఇప్పుడు అమ్మ మాట్లాడుతుందని నిలబడింది. నేను "దిగు" అంటే చాలు. ఒక్క మాట. వదినగారు చిన్నబుచ్చుకునేది, మావారు కారులో మాట్లాడేవారు కాదు, అంతకు మించి ఏమయ్యేది? భూమి బద్దలయ్యేదా?

నా చేతిలో చీర పొట్లం ఉంది. పక్కన ఆవిడ మోకాలు పట్టుకుని రాయి మీద చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"పోనీలే నాన్నా, అత్తయ్య చెబుతోంది కదా. ఈసారికి వద్దులే" అన్నాను.

అది ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. అరవాలని కోరుకున్నాను కూడా. అది "సరే అమ్మా" అని, కాళ్ళకంటిన ఇసుక దులుపుకుని, రాయి మీద కూర్చుని సాక్సు తొడుక్కుంది. లేసులు రెండూ సమానంగా లాగి ముడి వేసుకుంది. తర్వాత లేచి సముద్రానికి దణ్ణం పెట్టింది.

కారు కదిలింది. వదినగారు దాని తల నిమురుతూ అడిగింది.

"సముద్రం బాగుందా తల్లీ?"

"చాలా బాగుందండి అత్తయ్యా" అంది నా కూతురు, మూడు రోజులుగా నేను మాట్లాడుతున్న గొంతుతో. నవ్వు కూడా నాదే.

నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.